“ర్యాంపు ఉందండీ” అంటే సరిపోతుందా? యాక్సెస్ ఆడిట్ లెక్కలు, చిక్కులు

బరంపురంలో మా చుట్టాల పెళ్ళికి పిన్నిని తీసుకెళ్ళాం. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడ వీల్‌ఛైర్‌లోనే. హాలు మాట్లాడుకునేటప్పుడే “ర్యాంపు ఉందా?” అని అడిగితే “ఎందుకు లేదండీ, ఉంది” అన్నారు. నిజంగానే ఉంది. దాని మీద బండి ఎక్కించడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది, దింపడానికి నలుగురం. భోజనాల దగ్గర పిన్ని మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. ఎందుకో ఇంటికొచ్చాక చెప్పింది. “బాత్రూం గుమ్మం చూశాను కదా. ఇక నీళ్ళెందుకు తాగుతాను?”

ఆ హాల్లో ర్యాంపు ‘ఉంది’. కానీ పిన్నికి అది ‘పనికి రాలేదు’. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాను కొలిచి, కాగితం మీద పెట్టే పనినే యాక్సెస్ ఆడిట్ అంటున్నారు. 2024 నవంబర్ 8న, వికలాంగులకి అందుబాటు గురించిన రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ మాట బాగా వినిపిస్తోంది. ఎవరు కొలవాలి, దేనితో కొలవాలి, ప్రైవేటు హాళ్ళకీ గుళ్ళకీ ఇది వర్తిస్తుందా, రెండు రోజుల పందిరికి కూడానా అన్న సందేహాలూ దానితో పాటే పెరిగాయి.

ముందు మాటల అర్థాలు

తెలుగులో వికలాంగులు అంటాం, ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు అని ఉంటుంది, మా ఒడిశాలో ఆఫీసు బోర్డుల మీద ‘భిన్నక్షమ’ అని కనిపిస్తుంది. పేరు ఏదైనా, 2016 నాటి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ఈ తేడా చిన్నది కాదు. కొత్త జాబితాలో ఆటిజం ఉంది, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, సికిల్ సెల్ జబ్బూ ఉంది. కోరాపుట్, రాయగడ వైపు ఆదివాసీ పల్లెల్లో సికిల్ సెల్ కొత్త పేరేమీ కాదు. ఒంట్లో నీరు తగ్గితే ఆ జబ్బున్నవాళ్ళకి భరించలేని నొప్పులు మొదలవుతాయి. ఎండలో రెండు గంటల క్యూ, మధ్యలో తాగునీరు లేదు, కూర్చునే చోటు లేదు అంటే, చూడ్డానికి కాళ్ళూ చేతులూ బాగానే ఉన్న ఆ మనిషికి ఆ చోటు అందుబాటులో లేనట్టే. అందుబాటు అనగానే చక్రాల కుర్చీ బొమ్మ ఒక్కటే గుర్తొస్తే సగం జాబితా జారిపోతుంది.

రెండో మాట ‘పబ్లిక్ బిల్డింగ్’. ఇది సర్కారు కట్టడమే అనుకుంటారు చాలామంది. చట్టం అలా అనలేదు. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, జనం వచ్చి వాడుకునేదైతే చాలు. చదువు, వ్యాపారం, వైద్యం, వినోదంతో పాటు మతపరమైన, సాంస్కృతిక కార్యక్రమాల కోసం వాడే కట్టడాలు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. అంటే కల్యాణమండపం దీని కిందికే వస్తుంది, గుడీ వస్తుంది.

మూడోది కాస్త మెలిక ఉన్నది. అందుబాటు వేరు, సహేతుకమైన సర్దుబాటు వేరు. ఎవరు వస్తారో తెలియకపోయినా ముందే చేసి పెట్టేది అందుబాటు. వచ్చిన మనిషి అవసరం చూసి అప్పటికప్పుడు చేసేది సర్దుబాటు. బ్యాంకులో కౌంటరు ఎత్తు తగ్గించి కట్టడం మొదటిది. ఎత్తు కౌంటరు దగ్గరికి చేరలేని ఖాతాదారు కోసం గుమస్తా కాగితాలు పట్టుకుని బయటికి రావడం రెండోది. “మేం సాయం చేస్తాం కదా” అనేవాళ్ళు రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని తప్పించుకుంటుంటారు. “నలుగురం పట్టుకుంటాం లెండి” అనే మాట కూడా ఆ కోవలోదే. మనవాళ్ళ మంచితనంలో లోటు లేదు. కానీ మోయించుకునే మనిషి ఆ రోజంతా ఎన్నిసార్లు నోరు తెరిచి అడగాలి? అది కూడా లెక్కలోకి రావాలి.

టేపు పెట్టి చూస్తే

ఊహకి ఒక ఫంక్షన్ హాలు తీసుకుందాం. గంజాం జిల్లాలో ఏ పట్నంలోనైనా ఉండేలాంటిదే.

వాకిట్లో మూడు మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. అంటే నేల నుంచి ఎత్తు 45 సెంటీమీటర్లు. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదన్నది మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణం. ఒక సెంటీమీటరు ఎక్కడానికి కనీసం 12 సెంటీమీటర్ల పొడవు కావాలన్నమాట. 45ని 12తో గుణిస్తే 540. ఆ ర్యాంపు పొడవు 5.4 మీటర్లు, దాదాపు 18 అడుగులు ఉండాలి. మన హాల్లో మెట్ల పక్కన మిగిలిన జాగాలో మేస్త్రీ పోసిన సిమెంటు వాలు ఆరడుగులే. అంటే 1:4. టేపు లేకపోతే ఫోన్లోని లెవెల్ యాప్ పెట్టినా తెలిసిపోతుంది. 1:12 ర్యాంపు 5 డిగ్రీల లోపే చూపిస్తుంది, 1:4 ర్యాంపు 14 డిగ్రీలు చూపిస్తుంది. స్కూటర్ ఎక్కించడానికి ఆ వాలు బ్రహ్మాండంగా ఉంటుంది. నిజానికి అలాంటివి చాలావరకు స్కూటర్ల కోసం, గ్యాస్ బండల కోసం, టెంట్ హౌస్ సామాన్ల కోసం పోసినవే. ఎవరైనా అడిగినప్పుడు మాత్రం వికలాంగుల ర్యాంపు అయిపోతాయి.

తర్వాత తలుపు. దారికి 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, అంటే ఒక గజానికి కొంచెం తక్కువ. మన హాలు తలుపు నాలుగడుగులది, రెండు రెక్కలు. కానీ ఒక రెక్కకి పైనా కిందా గడియ వేసేసి ఉంచుతారు. మిగిలేది రెండడుగులు. కట్టడం పాసయింది, గడియ ఫెయిలయింది. అందుకే ప్లాను చూసి ఇచ్చే ఆడిట్ వేరు, పనిచేసే రోజున వెళ్ళి చూసే ఆడిట్ వేరు.

గడప సంగతి మన ఇళ్ళలో సున్నితమైనదే. ప్రమాణాలేమో గడప ఎత్తు 12 మిల్లీమీటర్లు దాటకూడదంటాయి, ఒక వేలి మందం కంటే తక్కువ. పసుపు రాసి బొట్టు పెట్టే గడప ఇంటికి ఉండనివ్వండి. ఫంక్షన్ హాలు టాయిలెట్‌కి నాలుగంగుళాల గడప ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. నీళ్ళు బయటికి రాకుండా అంటారు. ఆ పని నేల వాలుతోనూ, తలుపు దగ్గర సన్నని జాలీ కాలువతోనూ అవుతుంది.

టాయిలెట్ లోపల చూడాల్సిన కొలత ఖాళీ. వీల్‌ఛైర్ ఒక చుట్టు తిరగడానికి 1500 మిల్లీమీటర్ల గుండ్రటి జాగా కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డం అవుతాడు. పట్టుకునే కడ్డీలు గోడలోకి దిగి ఉండాలి. టవల్ రాడ్డునే కడ్డీ అని చూపించిన చోట్లు నేను చూశాను. దాని మీద మనిషి బరువు పడితే మేకులతో సహా ఊడి వస్తుంది.

ఇక వేదిక. ఎత్తు 90 సెంటీమీటర్లు. అదే లెక్కన 10.8 మీటర్ల ర్యాంపు, మధ్యలో చదునుగా ఆగే చోటు ఒకటి. హాల్లో సగం పొడవు దానికే పోతుంది. ఇక్కడ ఆడిట్ చేసేవాళ్ళు రెండు దారులు రాస్తారు. శాశ్వతంగా అయితే పక్క గది వైపు నుంచి ర్యాంపు గానీ చిన్న లిఫ్టు గానీ. ఈ రోజుకే అయితే అక్షింతలు వేయడం, సన్మానం, ఫోటోలు అన్నీ అందరికీ కిందే పెట్టుకోవడం. ‘అందరికీ’ అన్న మాట ముఖ్యం. నలుగురిని పైకి పిలిచి, ఒకరికి మాత్రం కిందికి దిగి శాలువా కప్పితే ఆ ఫోటో ఎలా ఉంటుందో తెలిసిందే.

80 మార్కులు వచ్చినా లోపలికి పోలేకపోవడం

ఆడిట్ ఫారాల్లో ప్రశ్నలుంటాయి, అవును కాదు అని టిక్కులుంటాయి, చివర్లో శాతం వస్తుంది. మన హాలునే 25 ప్రశ్నల ఫారంతో చూశామనుకోండి. 20కి ‘అవును’ వస్తే 80 శాతం. పేపర్లో చదివితే ఫస్ట్ క్లాసు. కాని ‘కాదు’ అన్న అయిదింటిలో ర్యాంపు వాలు ఉంది, తలుపు వెడల్పు ఉంది, టాయిలెట్ ఉంది. వీల్‌ఛైర్‌లో వచ్చినవాళ్ళకి ఆ హాలు సున్నా. పిన్నికి లోపలి లైట్లు, విశాలమైన పార్కింగు, చక్కటి నేల ఏం పనికొచ్చాయి?

అందుకని తెలిసినవాళ్ళు కట్టడాన్ని ముక్కలుగా కాకుండా ప్రయాణంగా చూస్తారు. ఆటో దిగిన చోటు, గేటు, గుమ్మం, కుర్చీ, భోజనం, చెయ్యి కడుక్కునే చోటు, టాయిలెట్, మళ్ళీ ఆటో. గొలుసులో ఒక్క కడియం తెగినా గొలుసు లేనట్టే. శాతం కంటే ఈ మూడు ప్రశ్నల జవాబు ఎక్కువ చెప్తుంది: మనిషిని పూర్తిగా ఆపేసేవి ఏవి, ప్రమాదం తెచ్చేవి ఏవి, ఇబ్బంది పెట్టేవి ఏవి. మొదటి రకం ఒక్కటి ఉన్నా మిగతా మార్కులు చెప్పుకోవడంలో అర్థం లేదు.

అయితే శాతాలను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక జిల్లాలో వంద కట్టడాలు చూసి, ముందు దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోవాల్సిన ఇంజినీరుకి ఏదో ఒక అంకె కావాలి. చిక్కల్లా ఆ అంకెని ప్రజలకి సర్టిఫికెట్‌లా చూపించినప్పుడే.

ఒకరికి దారి, ఇంకొకరికి అడ్డు

అందరికీ ఒకే ఏర్పాటు సరిపోదు. కాలికి కాలిపర్ (ఊతగా కట్టే పట్టీ) వేసుకుని, చంకకర్రలతో నడిచేవాళ్ళలో కొందరికి ర్యాంపు కంటే, పట్టుకునే కడ్డీ ఉన్న పొట్టి మెట్లే నయం. వాలు మీద కర్ర జారుతుంది. వీల్‌ఛైర్ కోసం ఫుట్‌పాత్ అంచును నేలమట్టం చేస్తే, కర్రతో తడుముకుంటూ నడిచే అంధులకి ఫుట్‌పాత్ ఎక్కడ ముగిసి రోడ్డు ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకే ఆ చోట చుక్కల పలకలు వేస్తారు. పసుపు రంగు పలకల మీద చుక్కలుంటే ‘ఆగు, చూసుకో’ అని, గీతలుంటే ‘ఇటే పద’ అని. గీతల పలకలు తిన్నగా వెళ్ళి కరెంటు స్తంభానికి కొట్టుకునే ఫుట్‌పాత్‌లు దేశమంతా ఉన్నాయి. వేసినవాడికి అది డిజైన్ అనిపించింది, దారి అనిపించలేదు.

మా వైపు పల్లెల్లో ఇంకో చిక్కుంది. అక్కడ వీల్‌ఛైర్ కంటే చేత్తో తిప్పే మూడు చక్రాల బండే ఎక్కువ కనిపిస్తుంది. క్యాంపుల్లో ఇచ్చేవి అవే. ఆ బండి 1500 మిల్లీమీటర్ల జాగాలో తిరగదు, 900 మిల్లీమీటర్ల తలుపులో పట్టినా లోపల మలుపు తీసుకోదు. బ్లాక్ ఆఫీసు దాకా బండి మీద వచ్చిన మనిషి, వరండాలో దిగి లోపలికి చేతుల మీద జరుగుతూ వెళ్తాడు. కొలతల ప్రకారం ఆఫీసు పాసే. బండి పెట్టుకోవడానికి నీడ ఉందా, అక్కడ ఆఫీసుదే ఒక వీల్‌ఛైర్ సిద్ధంగా ఉందా, దాన్ని తాళం వేసిన గదిలో పెట్టారా అన్న ప్రశ్నలు ఏ టేపుకీ అందవు.

కట్టడం పాత పాఠమే, కార్యక్రమం రోజుకో పరీక్ష

బరంపురం వాళ్ళకి ఠాకురాణి జాతర గురించి చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి తన గుడి విడిచి దేశీ బెహెరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. తెలుగు నేత కుటుంబాలైన దేరా వాళ్ళు ముందుండి నడిపే ఆ ఉత్సవం వారాల తరబడి సాగుతుంది. రాత్రి ఘటాల ఊరేగింపు, వేషాలు, వీధి పొడవునా దీపాలు, దుకాణాలు. ఇలాంటి చోటుకి ఆడిట్ అంటే ఏం కొలవాలి?

ఇక్కడ గోడలు లేవు, కాబట్టి దారే కట్టడం. జనరేటర్ నుంచి వచ్చే కేబుళ్ళు నేల మీద అడ్డంగా పడి ఉన్నాయా, వాటి మీద కప్పిన చెక్క చక్రం దాటేంత వాలుగా ఉందా? వెదురు బారికేడ్ల మధ్య సందు ఎంత? వాహనాలు ఆపేసే చోటు నుంచి మందిరం దాకా ఎంత నడవాలి, మధ్యలో కూర్చునే చోటు ఉందా? వాటికి టేపు చాలు. టైము కూడా ఒక కొలతే. రాత్రి పది గంటలకి వీల్‌ఛైర్ దూరని వీధిలో పొద్దున్నే హాయిగా వెళ్ళొచ్చు. పొద్దుటి దర్శనానికి ఒక వేళ కేటాయించి ముందే చెప్పడం ఖర్చు లేని అందుబాటు. కానీ దాని మీద అభ్యంతరమూ ఉంది, అది తీసెయ్యదగ్గది కాదు. “జాతర అంటే ఆ రాత్రే. ఖాళీ వీధి చూడటానికి నేనెందుకు రావాలి?” అనే హక్కు కూడా ఆ మనిషికి ఉంది కదా.

శబ్దం సంగతి మనవాళ్ళకి తట్టను కూడా తట్టదు. డీజే పెట్టెలు, మిణుకుమిణుకుమని కొట్టే లైట్లు కొందరు ఆటిజం పిల్లలకి తట్టుకోలేనంత బాధ. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి ఆ లైట్లే ప్రమాదం. తప్పిపోయిన పిల్లల గురించి, దారి మళ్ళింపు గురించి మైకులో మాత్రమే చెప్తే వినపడనివాళ్ళకి ఆ కబురు చేరదు.

ఉగాది కవి సమ్మేళనం లాంటి చిన్న సభల్లో తప్పులు ఇంకా చిన్నవి, ఇంకా తేలిగ్గా దిద్దుకోదగ్గవి. ర్యాంపు మీద కార్పెట్ పరిచి అంచులు అంటించరు. ర్యాంపు మొదట్లోనే చెప్పుల కుప్ప. కుర్చీలు గోడ నుంచి గోడకి వేసేసి నడవా లేకుండా చేస్తారు. అన్నీ బాగున్న హాలుని ముప్పావుగంటలో పాడుచేయొచ్చు. పోలింగ్ బూత్ దీనికి తిరగేసిన ఉదాహరణ. మామూలు రోజుల్లో మెట్లే ఉన్న బడికి ఆ ఒక్క రోజు చెక్క ర్యాంపు వస్తుంది, ఓటు మిషన్ మీద బ్రెయిలీ అంకెలుంటాయి. మర్నాడు ర్యాంపు వెళ్ళిపోతుంది. ఓటరు వచ్చాడు గానీ బడికి రావాల్సిన పిల్లాడు ఇంకా బయటే.

బోర్డు ఏ లిపిలో ఉండాలి

ఇది సరిహద్దు ఊళ్ళ ప్రత్యేకం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా మాట వస్తుంది, అక్షరం రాదు. బోర్డులేమో ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ. ‘లిఫ్టు ఇటు’ అన్న బోర్డు ఉండీ మా పిన్నికి లేనట్టే. బాణం గుర్తు, బొమ్మ ఉంటే ఏ లిపి అక్కర్లేదు.

బ్రెయిలీ దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. 1951లో రూపుదిద్దుకున్న భారతీ బ్రెయిలీలో మన భాషలన్నిటికీ దాదాపు ఒకే చుక్కలు. తెలుగు ‘క’కి ఏ చుక్కలో ఒడియా ‘క’కీ అవే చుక్కలు. కాబట్టి తెలుగు బ్రెయిలీ నేర్చుకున్న అమ్మాయి లిఫ్టు పక్కన ఒడియా బ్రెయిలీ పలకను వేలితో చదవగలదు. కళ్ళున్న వాళ్ళ నాన్న దాని పైన ఉన్న ఒడియా బోర్డు చదవలేకపోవచ్చు. బధిరుల విషయంలోనూ అంతే. భారతీయ సంజ్ఞా భాష తెలుగుదీ కాదు ఒడియాదీ కాదు, తనదైన వ్యాకరణం ఉన్న భాష. తెర మీద రాత వేస్తే ఏ భాషలో వేయాలన్న తగువు ఉంటుంది గానీ, సంజ్ఞా భాష అనువాదకుణ్ణి పెడితే సరిహద్దు అడ్డం రాదు.

చట్టం ఏమంది, కోర్టు దేన్ని తప్పు పట్టింది

2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది, దాని నియమాలు జూన్ 15న వచ్చాయి. 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు నియమాలు పాటించని ప్లానుకి అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. 45వ సెక్షన్ అప్పటికే ఉన్న పబ్లిక్ బిల్డింగులకి అయిదేళ్ళ గడువు పెట్టింది. ఆ లెక్కన 2022 జూన్‌కి అంతా అయిపోవాలి. అయ్యిందా లేదా అన్నది మీ వీధి చివర బ్యాంకు చూస్తే తెలుస్తుంది. ఉల్లంఘనకి మొదటిసారి 10,000 రూపాయల దాకా, తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా.

మరి చిక్కు ఎక్కడ? చట్టం ‘పాటించాలి’ అంటుంది. ఏం పాటించాలో చెప్పే 15వ నియమం మార్గదర్శకాలను చూపించింది. ఆ మార్గదర్శకాలు చాలా చోట్ల ‘ఇలా ఉంటే మంచిది’ అన్న ధోరణిలో ఉంటాయి. చూపు లోపమున్న రాజీవ్ రాతూరి 2005లో వేసిన పిటిషన్ మీద, హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను కూడా చూసిన సుప్రీంకోర్టు, అసలు చట్టం తప్పనిసరి అంటుంటే నియమం ఐచ్ఛికంగా ఉండటం చెల్లదంది. తప్పించుకోవడానికి వీల్లేని కనీస నియమాలను, విస్తారమైన సలహాల నుంచి వేరుచేసి, మూడు నెలల్లో ఇవ్వమని కేంద్రాన్ని ఆదేశించింది.

దీని మీద రెండు వాదనలున్నాయి. ఒకటి మేస్త్రీ వాదన. “అంకె చెప్పండి, అంతే కడతాను. ‘వీలైనంత’ అంటే నాకు వీలైనంతే.” తప్పనిసరి అంకె లేనిచోట జరిమానా వేయడమూ కష్టం. రెండోది కొండ ఊళ్ళ వాదన. వాలు మీద ఉన్న పాత ఆఫీసులకి, ఇరుకు వీధిలో పది అడుగుల దుకాణానికి 5.4 మీటర్ల ర్యాంపు పెట్టే జాగా ఉండదు. ఒకే అంకె పెడితే వాళ్ళు ఏమీ చేయకుండా ‘కుదరదు’ అని రాసిస్తారు, అదే కొంత వెసులుబాటు ఉంటే వెనక గుమ్మం నుంచో, కింది గదిలో కౌంటరు పెట్టో దారి చూస్తారు. నాకు మొదటిదే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే వెసులుబాటు ఇచ్చిన ఈ ఏళ్ళలో వచ్చినవి ఆరడుగుల వాలులే. కొండ ఊళ్ళ వాదన మాత్రం నిజమైనదే. కనీసాన్ని, సలహాని వేరు చేయమన్న కోర్టు మాట ఆ రెండిటికీ మధ్య గీత గీయడానికే.

గుళ్ళ దగ్గర

పురుషోత్తంపురం దగ్గర కొండ మీద తారాతారిణి గుడికి 999 మెట్లు. బండ్లు వెళ్ళే రోడ్డు ఉంది, రోప్‌వే ఉంది. ‘అయితే అందుబాటులో ఉన్నట్టే కదా’ అంటే, కొండ అందుబాటులోకి వచ్చింది, గుడి సంగతి వేరే చూడాలి. టికెట్ కౌంటరు నుంచి పెట్టెలోకి ఎక్కడం, పైన దిగిన చోటు నుంచి గర్భగుడి ఎదుట దాకా ఉన్న మెట్లు, అన్నీ విడివిడి కడియాలే.

పాత గుళ్ళలో రాతి గడప కొట్టేయకూడదనే పురావస్తు వాదన సబబైనదే. తీసి పెట్టుకునే చెక్క ర్యాంపు అందుకే. వీధిలో తిరిగిన చక్రం లోపలికి రాకూడదన్న ఆచారం మాటకి కూడా కొన్ని చోట్ల జవాబు దొరికింది: లోపల వాడటానికే గుడిది ఒక కుర్చీ. దానికీ కుదరదన్న చోట మాత్రం, కొలత కాదు, మనసు అడ్డం.

ఎవరు కొలవాలి

ఆర్కిటెక్టుకి వాలు, లోడు, నిప్పు ప్రమాదంలో బయటికి పోయే దారి తెలుసు. వాడుకునే మనిషికి చేతులు ఎక్కడ నొప్పెడతాయో తెలుసు. ఒక్క వీల్‌ఛైర్ మనిషిని పిలిచి సంతకం పెట్టిస్తే అంధుల సంగతి, వినపడనివాళ్ళ సంగతి తప్పిపోతుంది. టేపు ఒక్కటే నమ్ముకుంటే గడియ వేసిన రెక్క కనబడదు. ఇద్దరూ కలిసి నడిచి చూడటమే మంచి ఆడిట్ అని ఈ పని చేసేవాళ్ళు అంటారు. అందులో ఎవరి మాట చివరిదన్నది ఇంకా తేలలేదు.

వచ్చే మాఘంలో మా ఇంట్లోనే ఒక పెళ్ళి ఉంది. హాలు మేనేజరుకి మొన్న ఫోన్ చేశాను. “ర్యాంపు ఉందండీ” అన్నాడు, నేను అడగకముందే. “టాయిలెట్ తలుపు ఎన్ని అంగుళాలు బాబూ?” అన్నాను. కాసేపు మాట లేదు. పావుగంట తర్వాత అతనే మళ్ళీ ఫోన్ చేశాడు.

“ఇరవై ఆరండీ. ఎందుకండీ?”